టీఎల్‌డీ మాత్ర మీద క్రియాటినిన్ 1.3: డోలుటెగ్రావిర్ వల్లే అనుకుని వదిలెయ్యొచ్చా?

గౌతమీతీరం:

అందరికీ నమస్కారం. హెచ్ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మందులు వాడుతున్న ఒకాయన రిపోర్టుల గురించి అడుగుతున్నాను. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

వయసు 48, బరువు 52 కిలోలు. షుగర్ జబ్బు లేదు, బీపీ 124/80. 2013 నుంచి మందుల మీద ఉన్నారు. మొదట టీఎల్‌ఈ (టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిసిన మాత్ర), మూడేళ్ల కిందట డోలుటెగ్రావిర్ ఉన్న టీఎల్‌డీకి మార్చారు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) ఎప్పుడూ కనబడని స్థాయిలోనే ఉంది, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 540.

కిడ్నీ పనితీరు కోసం చూసే క్రియాటినిన్ వరస ఇదీ: మాత్ర మార్చక ముందు 0.85, మార్చిన రెండు నెలలకు 1.0, తర్వాత రెండేళ్లూ అటూ ఇటూగా 1.0, ఆరు నెలల కిందట 1.1, ఇప్పుడు 1.3. మూత్ర పరీక్షలో ఆల్బుమిన్ ట్రేస్, షుగర్ 2+ వచ్చింది. షుగర్ జబ్బేమోనని రక్తం చూశారు. పరగడుపున 94, మూడు నెలల సగటు 5.3. షుగర్ లేదని తేలడంతో ఆ సంగతి అక్కడితో వదిలేశారు.

నాలుగైదు నెలలుగా నడుము, తొడలు నొప్పి. కింద కూర్చుంటే చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోతున్నారు. మెడికల్ షాపులో ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్ర తెచ్చుకుని వారానికి నాలుగైదు వేసుకుంటున్నారు.

టీఎల్‌డీలో క్రియాటినిన్ కొంచెం పెరగడం మామూలే, భయపడొద్దని ఒకరంటున్నారు. కిడ్నీ పోతోంది, వెంటనే మాత్ర ఆపెయ్యమని ఇంకొకరు. ఎవరి మాట వినాలి? కిడ్నీ రోగుల ఆహారమని ఒక కాగితం కూడా చేతిలో పెట్టారు: అరటిపండు, కొబ్బరినీళ్లు, పాలు, పప్పు తగ్గించమని. అది పాటించాలా?

ల్యాబ్‌బల్ల:

గౌతమీతీరం గారూ, మీరు పాత అంకెలన్నీ వరసగా ఇవ్వడం చాలా మంచిదైంది. ఒక్క 1.3 మాత్రమే చెప్పి ఉంటే ఎవరూ ఏమీ తేల్చలేరు.

టీఎల్‌డీ అంటే టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. కలిసిన మాత్ర. క్రియాటినిన్ ఎక్కువ భాగం కిడ్నీ జల్లెడ గుండా బయటికి పోతుంది. కొంత భాగాన్ని మాత్రం జల్లెడ తర్వాత ఉండే గొట్టాల కణాలు రక్తంలోంచి లాగి మూత్రంలోకి వదులుతాయి. ఆ లాగే ద్వారాన్ని డోలుటెగ్రావిర్ కొంతమేర మూసేస్తుంది. జల్లెడ బాగానే ఉంటుంది, రక్తంలో అంకె మాత్రం 0.1 నుంచి 0.2 వరకు పెరుగుతుంది. అందుకే ఇది కిడ్నీ దెబ్బ కాదు. ఇన్ఫెక్షన్లకు ఇచ్చే సెప్ట్రాన్‌ మాత్రలో ఉండే ట్రైమెథోప్రిమ్ కూడా ఇదే పని చేస్తుంది.

అయితే ఈ పెరుగుదలకు ఒక టైము ఉంది. మాత్ర మొదలుపెట్టిన మొదటి రెండు నుంచి నాలుగు వారాల్లో వస్తుంది, అక్కడే ఆగిపోతుంది. ఈయన విషయంలో 0.85 నుంచి 1.0కి పెరగడం అదే. రెండేళ్లు కదలకుండా ఉండి, మూడో ఏట 1.1, 1.3 అయిందంటే దాన్ని డోలుటెగ్రావిర్ ఖాతాలో వెయ్యడానికి వీల్లేదు. కాబట్టి ఆ మొదటాయన మాట మొదటి మెట్టుకు సరిపోతుంది, రెండో మెట్టుకు సరిపోదు.

రెండో సంగతి. ల్యాబ్ రిపోర్టులో 1.3 పక్కన నార్మల్ అనే ఉంటుంది, చాలా ల్యాబులు మగవాళ్లకు 1.3 దాకా నార్మల్ కింద రాస్తాయి. 52 కిలోల మనిషికి అది నార్మల్ కాదు. కిడ్నీ వడపోత వేగాన్ని అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్ లెక్క చేతితోనే చెయ్యొచ్చు: 140లోంచి వయసు తీసెయ్యండి, బరువుతో గుణించండి, వచ్చినదాన్ని 72 గుణకారం క్రియాటినిన్‌తో భాగించండి. ఆడవాళ్లకైతే చివర 0.85తో గుణించాలి. ఈయనకు 92 గుణకారం 52 అంటే 4784. దాన్ని 93.6తో భాగిస్తే 51. అదే రిపోర్టులో అచ్చయ్యే ఈజీఎఫ్‌ఆర్ (ఇదీ వడపోత అంచనాయే) చూస్తే 68 దగ్గర ఉంటుంది. ఎందుకింత తేడా అంటే, రిపోర్టులోది మనిషి ఒంటి వైశాల్యాన్ని 1.73 చదరపు మీటర్లుగా అనుకుని వేసిన లెక్క, అందులో బరువు రాదు. మందు మోతాదు పరిమితులు చాలావరకు కాక్‌క్రాఫ్ట్ మీదే పెట్టారు కాబట్టి ఏఆర్‌టీ మందుల విషయంలో 51నే పట్టుకోవాలి.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 48 ఏళ్లు, 42 కిలోలున్న ఆవిడకు క్రియాటినిన్ 1.0 వస్తే ఎవరూ పట్టించుకోరు. లెక్కేస్తే 46 కూడా రాదు. బక్కపలచని ఆడవాళ్ల విషయంలో ఈ లెక్క వెయ్యకపోవడం వల్లే చాలా ఆలస్యమైపోతోంది.

మళ్లీ పరీక్ష చేయించేటప్పుడు అదే ల్యాబులో చేయించండి. క్రియాటినిన్ కొలిచే జాఫే పద్ధతికీ ఎంజైమ్ పద్ధతికీ మధ్య 0.1, 0.2 తేడా రావడం మామూలే. ముందు రోజు రాత్రి మాంసం వద్దు, బరువు పనులు వద్దు, నీళ్లు ఎప్పటిలా తాగాలి. కిడ్నీ వడపోతను చూడటానికి డోలుటెగ్రావిర్ ప్రభావం పడని సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష ఉంది. ఖర్చు ఎక్కువ, వైరల్ లోడ్ అదుపులో లేనివాళ్లకూ స్టెరాయిడ్లు వాడేవాళ్లకూ అది కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఈయనకు ముందు అది అవసరం లేదు. మూత్రంలో షుగర్ సంగతి తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది, నాకు అక్కడే అనుమానంగా ఉంది.

నెఫ్రోవార్డు:

అసలు కీలకం ఆ షుగర్ 2+ లోనే ఉంది.

రక్తంలో షుగర్ సుమారు 180 దాటితేనే మూత్రంలోకి పొర్లాలి. రక్తంలో 94 ఉండగా మూత్రంలో 2+ కనిపించిందంటే, జల్లెడలోంచి జారిన షుగర్‌ను తిరిగి లాక్కోవాల్సిన గొట్టం ఆ పని చెయ్యడం లేదన్నమాట. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లలో కూడా ఇలాగే కనిపిస్తుంది. ఈయనకు షుగర్ జబ్బే లేదు కాబట్టి ఆ అవకాశం తక్కువ, అయినా ఒకసారి అడగండి. షుగర్ జబ్బు లేదని తేలగానే పరీక్ష ముగిసిందనుకోవడం పొరపాటు. నిజానికి పరీక్ష అక్కడే మొదలవ్వాలి.

టెనోఫోవిర్ ఎక్కడ దెబ్బకొడుతుందో చెబుతాను. రక్తంలోంచి టెనోఫోవిర్ ఒక ద్వారం గుండా దగ్గరి గొట్టం కణంలోకి వస్తుంది, ఇంకో ద్వారం గుండా మూత్రంలోకి పోతుంది. లోపలికి వచ్చే వేగం ఎక్కువై, బయటికి పోయే దారి ఇరుకైతే మందు కణంలో పోగవుతుంది. పోగైతే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. ఆ గొట్టం పనంతా శక్తితో నడిచేదే: షుగర్, ఫాస్ఫేట్, పొటాషియం, బైకార్బొనేట్, యూరిక్ యాసిడ్, చిన్న ప్రొటీన్లు, వీటన్నిటినీ వెనక్కి లాక్కోవడం. శక్తి చాలకపోతే అన్నీ మూత్రంలో కొట్టుకుపోతాయి. దీన్నే ఫ్యాంకోని సిండ్రోమ్ అంటారు. నెలల్లోనూ రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. ఇన్నేళ్లు బాగానే వాడాడు కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. బరువు తక్కువ ఉండటం, వయసు, నొప్పి మాత్రలు, రెండో వరుసలో ఇచ్చే రిటోనావిర్ కలిసిన మందులు ఈ ముప్పును పెంచుతాయి.

ఇక ఆ తొడల నొప్పి. ఫాస్ఫేట్ పోతే ఎముక గట్టిపడదు, కండకు బలం ఉండదు. నడుము, తుంటి, తొడలు నొప్పి పెట్టడం, ఊతం లేకుండా కింద నుంచి లేవలేకపోవడం దీని ముద్ర. ఆ నొప్పికి ఎసిక్లోఫెనాక్ వేసుకుంటే కిడ్నీలోకి వచ్చే రక్తం తగ్గుతుంది, టెనోఫోవిర్ ఇంకా పోగవుతుంది, ఫాస్ఫేట్ ఇంకా పోతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. మళ్లీ మాత్ర. ఈ చక్రాన్ని ఈ రోజే తెంచండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, ఏ పేరుతో ఉన్నా వద్దు. ఆర్‌ఎంపీ దగ్గర వేసే నొప్పి సూది కూడా వద్దు. పారాసెటమాల్ ఒక్కటే, 500 మి.గ్రా. మాత్ర, అవసరమైనప్పుడు.

చేయించాల్సినవి, అన్నీ పరగడుపున పొద్దున్నే, ఒకే రోజు: రక్తంలో క్రియాటినిన్, ఫాస్ఫేట్, పొటాషియం, బైకార్బొనేట్, యూరిక్ యాసిడ్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి. మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి, ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి రెండూ, ఇంకా ఫాస్ఫేట్. రెండు నిష్పత్తులూ ఎందుకంటే, మూత్రంలో ముంచి చూసే డిప్‌స్టిక్ ప్రధానంగా ఆల్బుమిన్‌నే పడుతుంది. గొట్టం దెబ్బతిన్నప్పుడు పోయేవి వేరే చిన్న ప్రొటీన్లు, అందుకే స్టిక్ మీద ట్రేస్ అని వచ్చి ఊరుకుంటుంది. వీటితోపాటు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, ఎందుకో మందుల సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. కడుపు స్కాన్ కూడా ఒకటి.

మాత్ర ఆపమన్నాయన మాట సగం నిజం. టెనోఫోవిర్ మార్చాల్సి రావచ్చు. కానీ మార్చడం వేరు, ఇంట్లో కూర్చుని డబ్బా పక్కన పెట్టడం వేరు. రిపోర్టులు రెండు మూడు రోజుల్లో వస్తాయి, అప్పటిదాకా టీఎల్‌డీ వేసుకోమనండి. వాంతులు పట్టుకున్నా, మూత్రం తగ్గిపోయినా, కాళ్లు బొత్తిగా కదలకుండా అయిపోయినా మాత్రం రిపోర్టుల కోసం ఆగకూడదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పొటాషియం బాగా పడిపోతే గుండె లయ దెబ్బతింటుంది.

ఆ ఆహారం కాగితాన్ని మడిచి లోపల పెట్టెయ్యండి. అది పొటాషియం, ఫాస్ఫేట్ పేరుకుపోయిన రోగులకు రాసింది. ఈయనకు అవి రెండూ పోతున్నాయని అనుమానిస్తున్నాం. పాలు, పప్పు, అరటిపండు మాన్పిస్తే ఉన్న కాస్తా పోతుంది.

గౌతమీతీరం:

నెఫ్రోవార్డు గారూ, మీరు చెప్పినవన్నీ చేయించాం. నొప్పి మాత్రలు ఆపి ఆరు రోజులైంది. రిపోర్టులు:

క్రియాటినిన్ 1.3 (అదే ల్యాబు). ఫాస్ఫేట్ 1.9. పొటాషియం 3.2. బైకార్బొనేట్ 17. యూరిక్ యాసిడ్ 1.8. కాల్షియం 8.9. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 264. విటమిన్ డి 14. మూత్రంలో ప్రొటీన్ నిష్పత్తి గ్రాముకు 640 మి.గ్రా., ఆల్బుమిన్ నిష్పత్తి 90. మూత్రంలో ఫాస్ఫేట్ 38, క్రియాటినిన్ 80. స్కాన్‌లో రెండు కిడ్నీలూ మామూలు సైజులోనే ఉన్నాయి. హెపటైటిస్ బి పాజిటివ్. ఈ సంగతి ఏఆర్‌టీ సెంటర్ వాళ్ల పుస్తకంలో ఎక్కడా రాసి లేదు.

ఇప్పుడేం చెయ్యాలి? ఒకవైపు ఇది కిడ్నీ జబ్బు అంటే హెచ్ఐవీ వల్లే వచ్చే కిడ్నీ జబ్బు కాదా అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు.

నెఫ్రోవార్డు:

ఇక అనుమానం అక్కర్లేదు. ఇది గొట్టం దెబ్బే.

ఫాస్ఫేట్ లెక్క చూడండి. మూత్రం ఫాస్ఫేట్‌ను రక్తం క్రియాటినిన్‌తో గుణిస్తే 38 గుణకారం 1.3, అంటే 49.4. రక్తం ఫాస్ఫేట్‌ను మూత్రం క్రియాటినిన్‌తో గుణిస్తే 1.9 గుణకారం 80, అంటే 152. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 32 శాతం. రక్తంలో ఫాస్ఫేట్ 2.5 కన్నా తగ్గినప్పుడు ఆరోగ్యమైన కిడ్నీ ఒక్క చుక్క వదలకుండా దాచుకుంటుంది, 5 శాతం లోపే పోనిస్తుంది. ఇక్కడ జారిన దాంట్లో మూడో వంతు పోతోంది. ప్రొటీన్ 640లో ఆల్బుమిన్ 90 మాత్రమే, ఏడో వంతు. ఈ వాటా 40 శాతం కన్నా తక్కువుంటే గొట్టాన్నే అనుమానిస్తాం. యూరిక్ యాసిడ్ కూడా గమనించండి: మామూలుగా కిడ్నీ మందగిస్తే అది పెరగాలి, ఇక్కడ 1.8కి పడిపోయింది. చౌకగా అయ్యే పరీక్ష, చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తారు.

ఇంట్లోవాళ్ల ప్రశ్న. హెచ్ఐవీ వైరస్సే నేరుగా తెచ్చే కిడ్నీ జబ్బు ఒకటుంది. 1984లో న్యూయార్క్, మయామి డాక్టర్లు మొదట వివరించారు. జల్లెడ కుప్పకూలి ప్రొటీన్ గ్రాముల లెక్కన పోతుంది, మందులు వాడనివాళ్లలో వేగంగా ముదురుతుంది. పశ్చిమాఫ్రికా మూలాలున్నవాళ్లలో కనిపించే ఏపీఓఎల్1 జన్యు మార్పులతో దానికి గట్టి లంకె ఉంది, మనవాళ్లలో అరుదు. ఈయన వైరల్ లోడ్ కనబడని స్థాయిలో ఉంది, పోయేది ఆల్బుమిన్ కాదు. కాబట్టి ఇది అది కాదు, బయాప్సీ (కిడ్నీ ముక్క తీసి చూసే పరీక్ష) కూడా ఇప్పుడు అక్కర్లేదు. ఆల్బుమినే గ్రాము దాకా పోతున్నా, మూత్రంలో రక్తకణాలు కనిపిస్తున్నా, టెనోఫోవిర్ తీసేశాక కూడా క్రియాటినిన్ పెరుగుతూ పోతున్నా అప్పుడు బయాప్సీ మాట. హెపటైటిస్ బి కూడా జల్లెడను దెబ్బతీయగలదు కాబట్టి ఆ కన్ను మూయకూడదు.

చికిత్సలో మొదటిది టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ తీసెయ్యడం. ఇది వచ్చే నెల చెకప్‌కు వాయిదా వేసేది కాదు, ఈ వారంలో జరగాలి. ఫాస్ఫేట్, పొటాషియం, బైకార్బొనేట్ మందులు డాక్టర్ రాస్తారు, సొంతంగా కొనొద్దు. బైకార్బొనేట్ ఒక్కటే ముందు ఎక్కిస్తే పొటాషియం ఇంకా పడుతుంది, అందుకే పొటాషియం సరిచేస్తూ ఇవ్వాలి. విటమిన్ డి కూడా కావాలి.

మందు మారాక షుగర్, ఫాస్ఫేట్ వారాల్లో దారికొస్తాయి. క్రియాటినిన్‌కు నెలలు పడుతుంది, కొందరిలో పూర్తిగా మొదటి అంకెకు రాదు. ఎముక నొప్పి తగ్గడానికీ నెలలే. ఈయనకు 51 దగ్గర దొరికింది, 25 దగ్గర కాదు. అది మంచి మాట.

ఏఆర్‌టీకౌంటర్:

హెపటైటిస్ బి ఎందుకు చూడమన్నారో నేను చెబుతాను. ఇక్కడ తప్పు జరిగితే కిడ్నీని కాపాడబోయి లివర్‌ను పోగొట్టుకుంటాం.

టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ హెచ్ఐవీ మీదే కాక హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి. ఈయనకు ఆ వైరస్ ఉందని తెలియకపోయినా ఇన్నేళ్లూ టెనోఫోవిర్ దాన్ని అణిచి ఉంచింది. టీఎల్‌డీ హఠాత్తుగా ఆపితే అణిగి ఉన్న వైరస్ తిరగబడి కామెర్లు, లివర్ ఫెయిల్యూర్ దాకా పోవచ్చు. హెచ్ఐవీ కూడా కొన్ని వారాల్లో లేస్తుంది. ఇంట్లో డబ్బా పక్కన పెట్టొద్దని పైన చెప్పింది ఇందుకే.

హెపటైటిస్ బి లేని మనిషికైతే దారి సులువు: అబాకావిర్ 600, లామివుడిన్ 300 కలిసిన మాత్ర ఒకటి, డోలుటెగ్రావిర్ 50 విడిగా ఒకటి. అబాకావిర్‌కు కిడ్నీతో పనిలేదు. ఈయనకు ఇది చాలదు, ఎందుకంటే హెపటైటిస్ బి మీద లామివుడిన్ ఒక్కటే మిగులుతుంది. ఒంటరి లామివుడిన్‌కు ఆ వైరస్ త్వరగా లొంగనిదైపోతుంది. కాబట్టి డాక్టర్ ముందు రెండు దారులుంటాయి.

ఒకటి, పై రెండు మాత్రలకు హెపటైటిస్ బి మందు ఎంటెకావిర్ చేర్చడం. భోజనం అయ్యాక కనీసం రెండు గంటలు ఆగి, తర్వాతి భోజనానికి కనీసం రెండు గంటల ముందు, ఖాళీ కడుపున వేసుకోవాలి. కాక్‌క్రాఫ్ట్ 50 దిగితే మోతాదు సగం. ఈయన 51 దగ్గర ఉన్నారు కాబట్టి ప్రతి రిపోర్టుకూ లెక్క మళ్లీ వెయ్యాలి. లామివుడిన్ ఏళ్ల తరబడి వాడినవాళ్లలో ఎంటెకావిర్ బలం తగ్గే ప్రమాదం ఉంది, అందుకే హెపటైటిస్ బి వైరల్ లోడ్ చేయించాలి. ఇంకో హెచ్చరిక: ఎంటెకావిర్‌ను ఏఆర్‌టీ లేకుండా ఒక్కదాన్నే ఎప్పుడూ వాడకూడదు, హెచ్ఐవీలో మందులకు లొంగని మొండితనం పుడుతుంది.

రెండోది, టెనోఫోవిర్ అలాఫెనమైడ్, అంటే టీఏఎఫ్ 25 మి.గ్రా. ఇది రక్తంలో టెనోఫోవిర్‌ను పాత రూపంకన్నా సుమారు 90 శాతం తక్కువ ఉంచి, కణాల లోపలికి చేరుతుంది. హెపటైటిస్ బిని గట్టిగా పట్టుకుంటుంది. కాక్‌క్రాఫ్ట్ 30 దాకా ఇవ్వొచ్చు. పాత టెనోఫోవిర్‌తో ఫ్యాంకోని వచ్చినవాళ్లకు దీన్నిచ్చి గమనించిన చిన్న అధ్యయనాల్లో చాలామందికి అది తిరగబెట్టలేదు. అయినా ఇంత స్పష్టమైన దెబ్బ తిన్న మనిషికి మొదటి ఎంపికగా ఏ రూపంలోనూ టెనోఫోవిర్ వద్దనే డాక్టర్లూ ఉన్నారు. ఎంటెకావిర్ పనిచేస్తుందని నమ్మకం ఉంటే నా ఓటు మొదటి దారికే. లామివుడిన్‌కు వైరస్ లొంగడం లేదని తేలితే మాత్రం టీఏఎఫ్, నెలనెలా మూత్రం చూస్తూ. ఏదైనా మెడికల్ ఆఫీసర్ నిర్ణయం. చిక్కుగా ఉంటే ఆయనే నిపుణుల ప్యానెల్‌కు పంపుతారు.

అబాకావిర్ మొదలుపెడితే మొదటి ఆరు వారాలు కనిపెట్టుకుని ఉండాలి. జ్వరం, దద్దుర్లు, వాంతులు, దగ్గు, ఆయాసంలో రెండు మూడు కలిసి వచ్చి, ప్రతి డోసుకూ ముదురుతుంటే వెంటనే సెంటర్‌కు వెళ్లాలి. అది అబాకావిర్ పడకపోవడమే అని తేలితే జీవితంలో మళ్లీ దాన్ని ముట్టుకోకూడదు. రెండోసారి ప్రాణం మీదికి తెస్తుంది. ముందే తెలుసుకోవడానికి హెచ్ఎల్ఏ-బి 5701 అనే రక్తపరీక్ష ఉంది. గుండె జబ్బు ఉన్నా, పొగ తాగే అలవాటు ఉన్నా డాక్టర్‌కు ముందే చెప్పాలి.

ఇప్పుడు చాలామంది జారిపడే చోటు. ఈయనకు కాల్షియం మాత్రలు రాస్తారు, ఐరన్ కూడా రాయొచ్చు. ఇవి డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేసి ఒంటికి అంటనివ్వవు. డోలుటెగ్రావిర్‌ను వాటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. లేదా కాల్షియం, డోలుటెగ్రావిర్ రెండూ నిండు భోజనంతో కలిపి వేసుకోవచ్చు. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులకు ఈ భోజనం వెసులుబాటు లేదు, వాటికి ఎప్పుడూ ఎడం ఉండాల్సిందే. కిడ్నీకి మందులు బాగానే రాశారు, ఆర్నెల్లకు వైరల్ లోడ్ లేచింది అని వచ్చే కేసుల్లో ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. తర్వాతెప్పుడైనా షుగర్ వచ్చి మెట్‌ఫార్మిన్ మొదలుపెడితే, డోలుటెగ్రావిర్‌తో అది రోజుకు 1000 మి.గ్రా. దాటకూడదు.

మార్చాక రెండు వారాలకు, నాలుగు వారాలకు క్రియాటినిన్, పొటాషియం, ఫాస్ఫేట్, మూత్రంలో షుగర్, లివర్ పరీక్షలు. తర్వాత మూడు నెలల దాకా లివర్ పరీక్ష నెలనెలా. లివర్ పరీక్షలో ఏఎల్‌టీ అనే అంకె ఉన్నట్టుండి ఎగబాకితే హెపటైటిస్ బి లేచిందని ముందు అనుకోవాలి, మందు పడలేదని కాదు.

బీలతీరం:

శ్రీకాకుళం వైపు నుంచి ఈ చర్చ చదివేవాళ్ల కోసం ఒక మాట. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస మండలాల్లో ఉద్దానం కిడ్నీ జబ్బు ఉందని అందరికీ తెలుసు. షుగర్, బీపీ లేకుండానే వస్తుంది, ప్రొటీన్ పెద్దగా పోదు, కాబట్టి డిప్‌స్టిక్ ఖాళీగానే ఉంటుంది. ఈ మండలాల మనిషికి ఏఆర్‌టీ మొదలుపెట్టేటప్పుడు మొదటి రోజే క్రియాటినిన్ చూసి కాక్‌క్రాఫ్ట్ వేసి పుస్తకంలో రాయించుకోవాలి. 50 లోపుంటే టీఎల్‌డీ మొదలుపెట్టరు, అబాకావిర్ వైపు వెళతారు. మొదటి అంకె లేకపోతే రెండేళ్ల తర్వాత క్రియాటినిన్ 1.6 వచ్చినప్పుడు ఊరి జబ్బా, మాత్ర దెబ్బా అని తేల్చడం చాలా కష్టం. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి, దూరం వెళ్లలేనివాళ్లు అక్కడ చూపించుకోవచ్చు.

ఇంకొకటి. కిడ్నీ అనగానే పసరు మందు, భస్మాలు అని ఎవరో ఒకరు వస్తారు. భస్మాల్లో సీసం, పాదరసం ఉండే అవకాశం ఉంది, కొన్ని ఆకు మందులు నేరుగా ఆ గొట్టాల మీదే పడతాయి. ఈయనకు అసలు దెబ్బతిన్నది గొట్టమే కదా.

గౌతమీతీరం:

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం సెంటర్‌కు వెళుతున్నాం. రెండు సందేహాలు. ఇంట్లో ఆయన భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు, హెపటైటిస్ బి సంగతి వాళ్లకు ఏం చెయ్యాలి? ముందు ముందు డయాలసిస్ దాకా వస్తే హెచ్ఐవీ అని చేర్చుకోరని భయపడుతున్నారు.

నెఫ్రోవార్డు:

భార్యకూ పిల్లలకూ హెపటైటిస్ బి పరీక్ష చేయించండి. ఆ వైరస్ లేదని తేలితే టీకా వేయించాలి, మూడు డోసులు: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. పిల్లలకు చిన్నప్పుడు వేశారేమో కార్డు చూడండి.

డయాలసిస్ ఇప్పుడు ఆలోచించే దశ కాదు. భయం పోవడానికి చెబుతున్నాను: హెచ్ఐవీకి విడి మిషన్ అక్కర్లేదు, అందరికీ పాటించే జాగ్రత్తలే చాలు. విడి మిషన్ కావాల్సింది హెపటైటిస్ బికి. 2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం ఆ చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధం, ఫిర్యాదు వినడానికి అంబుడ్స్‌మన్ ఏర్పాటు ఉంది. ఎవరైనా అలా చేర్చుకోబోమని అంటే కారణాన్ని కాగితం మీద రాసివ్వమని అడగండి. సమాచారం కోసం 1097కు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు.

సోమవారం తీసుకెళ్లాల్సినవి: 2013 నుంచి ఉన్న క్రియాటినిన్ కాగితాలన్నీ తేదీల వరసలో, ఈ వారం రిపోర్టులు, ఇప్పుడు ఇంట్లో మిగిలిన టీఎల్‌డీ డబ్బా, ఆయన వాడిన నొప్పి మాత్రల అట్టలు. పరగడుపునే వెళ్లండి, అక్కడే రక్తం మళ్లీ తీయాల్సి రావచ్చు. కొత్త మాత్రలు చేతికొచ్చిన రోజే టీఎల్‌డీ ఆపాలి, ఒక్క పూట కూడా ఖాళీ పడకూడదు.